మన కంప్యూటర్ ల్యాబ్‌లో ఏం జరిగిందంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

మన స్కూల్ కంప్యూటర్లు హ్యాక్ అయ్యాయని, పిల్లల మార్కులు, ఫోన్ నంబర్లు బయటికి పోయాయని వారం నుంచి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అదేమీ లేదు. ఆ వివరాలుండే ఆఫీసు కంప్యూటర్‌కూ ల్యాబ్‌కూ కనెక్షనే లేదు. తొమ్మిదో తరగతి అబ్బాయిలు ముగ్గురు ఇంటి నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ ఆన్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేసి, నాలుగు సిస్టమ్‌లలో గేములు ఎక్కించారు. ఒక కీబోర్డులో ఎమ్, ఎన్ మీటలు పీకి తారుమారు చేశారు. మూడో తరగతి పాప తన పేరు ఎన్నిసార్లు కొట్టినా తప్పే వస్తోందని ఏడ్చేదాకా మాకు తెలియలేదు.

పెన్‌డ్రైవ్‌తో ఆన్ కాకుండా ముందే కట్టడి చేయాల్సింది. అది మా పొరపాటే. ఇప్పుడు బయోస్‌కు, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాముకు, పాస్‌వర్డ్ పెట్టాం. పిల్లల లాగిన్‌లో కొత్త ప్రోగ్రాములు ఎక్కవు. రీస్టార్ట్ చేస్తే ప్రతి సిస్టమ్ మళ్లీ మొదట ఉన్నట్టే అయిపోతుంది. అందుకే పిల్లలు తమ పనిని డెస్క్‌టాప్ మీద వదలకుండా, సర్వర్‌లో తమ పేరున్న ఫోల్డర్‌లోనే దాచుకోవాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరు. ఎనిమిదో తరగతి అమ్మాయిలు తెలుగులో టైప్ చేసిన గోడపత్రిక మొత్తం ఈ గొడవలో పోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మమ్మకు మెసేజ్ పెట్టడం కాదు, అసలైన తెలుగు టైపింగ్! ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు. తెలుగులో 'క' ఉన్న మీట మీదే హిందీ 'క' కూడా ఉంటుంది, ఒకటి నేర్చుకుంటే రెండోదీ వచ్చేస్తుంది. పదో తరగతి దాటేలోపు మన పిల్లలందరూ చూడకుండా తెలుగు టైప్ చేయాలన్నది నా పట్టుదల. ఆ అమ్మాయిలు ఎవరినీ ఒక్క మాట అనకుండా, మూడు రోజుల లంచ్ బ్రేకుల్లో పత్రికంతా మళ్లీ కొట్టారు. మెట్ల పక్కన అంటించాం, వచ్చినప్పుడు తప్పకుండా చదవండి. 'క్ష్మ' వత్తు కూడా ఎక్కడా తప్పు పోలేదు!

ఆ ముగ్గురు అబ్బాయిలూ వాళ్లంతట వాళ్లే వచ్చి ఒప్పుకున్నారు. పేర్లు అడగవద్దని మనవి.

"మావాడు నా ఫోన్ లాక్ కూడా తీసేస్తాడండీ" అని ఒక నాన్నగారు నా ఎదుటే మురిసిపోయారు. మీ ముచ్చట నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో అమ్మ ఫోను, నాన్న యూపీఐ పిన్ అన్నీ పిల్లల చేతిలోనే ఉంటే, ఇంకొకరి పాస్‌వర్డ్ ముట్టుకోకూడదని స్కూల్లో మేం ఎంత చెప్పినా ఎలా ఎక్కుతుంది? అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం తప్పు. దయచేసి ఈ రాత్రికే మీ పిన్ మార్చండి. సినిమాలు నింపిన పెన్‌డ్రైవ్‌లు బ్యాగులో పెట్టి పంపకండి.

ఎస్‌ఏ-1 పరీక్షల ప్రోగ్రెస్ కార్డులు సంతకం చేసి సోమవారం పంపండి, బస్సు ఫీజు గడువు 10వ తేదీ. ల్యాబ్ స్వయంగా చూడాలనుకునేవారు శనివారం సాయంత్రం 4 గంటలకు రండి, నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు