డబ్బా మీద టైం రాసిన ఆశక్కకు, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు పిల్లల కాళ్లు వంకరపోతే అందరి నోటా ముందొచ్చే మాట ఫ్లోరైడ్. ఆ నీళ్లు చేసిన పని అట్లాంటిది మరి. కానీ ఈ నాలుగేళ్ల పాప ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు. ఫ్లోరోసిస్‌లో ఎముక చాలాసార్లు చిక్కబడి తెల్లగా కనబడుతుంది. ఇక్కడ మోకాలి దగ్గర ఎముక చివరలు గిన్నెలా గుంటపడి, అంచులు కుంచెలా చీలి ఉన్నాయి. "ఇంట్ల ఎవరికన్న కిడ్నీల రాళ్లున్నయా?" అని అడిగారు. నాయనకు, మేనత్తకు ఉన్నాయి. అమ్మా, ఆ ఒక్క ప్రశ్నకు మీకు దండం.

రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) అనగానే ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇచ్చేయడం అలవాటైపోయింది. కానీ డాక్టరమ్మ అనుమానించింది వేరే రకం. ఎస్‌ఎల్‌సీ34ఏ3 అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న పిల్లల్లో కిడ్నీ, ఎముకకు కావాల్సిన ఫాస్ఫేట్‌ను నిలుపుకోలేదు. ఆ లోటుకు ఒళ్లు చురుకైన విటమిన్ డిని తానే ఎక్కువగా తయారుచేస్తుంది, పేగు కాల్షియాన్ని ఎక్కువగా లాగుతుంది, అది మూత్రంలోకి దిగి రాళ్లు కడుతుంది. పైనుంచి ఇంకా డి ఇస్తే కిడ్నీకే ముప్పు. ఎక్స్‌ఎల్‌హెచ్ అనే మరో ఫాస్ఫేట్ జబ్బులో మాత్రం ఫాస్ఫేట్ మందు, చురుకైన డి రెండూ ఇస్తారు. అందుకే మందు మొదలుపెట్టకముందే మూత్రంలో కాల్షియం చూడాలి.

ల్యాబ్ తమ్ముడు పాపకు పరగడుపున రక్తం, అదే పొద్దున రెండోసారి పోసిన మూత్రం తీసుకుని, కిడ్నీ ఎంత ఫాస్ఫేట్ వదిలేస్తోందో లెక్క కట్టడానికి రెండింట్లోనూ ఫాస్ఫరస్, క్రియాటినిన్ చేశాడు. రక్తకణాలు పగిలితే ఫాస్ఫరస్ దొంగగా పెరుగుతుందని శాంపిల్ ఆలస్యం కానీయలేదు. రిపోర్టులో రక్తంలోని ఫాస్ఫరస్ 2.8 పక్కన ఏ గుర్తూ లేదు, ఎందుకంటే ముద్రించిన 2.5–4.5 పెద్దల లెక్క. ఈ వయసుకు 4కు పైనే ఉండాలి. అది పట్టుకుంది అతనే.

నాయనది 24 గంటల మూత్రం, అదీ పత్తి ఏరే రోజుల్లో. ఆశా కార్యకర్త, మా ఆశక్క, డబ్బా మీద టేపు అంటించి స్కెచ్ పెన్నుతో 6:10 అని రాసింది. ఆ పొద్దుటి మూత్రం పారబోసి, అక్కడినుంచి మర్నాడు 6:10 దాకా ప్రతి చుక్కా, ఆఖరుది కూడా, పట్టించింది. డబ్బాలో ల్యాబువాళ్లు పోసిన యాసిడ్ ఉంటుంది కాబట్టి మగ్గులో పట్టి వంచమంది. చేనుకు వేరే సీసా ఇచ్చి పంపింది. ఒక్కసారి చెట్టు చాటుకు పోయినా లెక్క తప్పుతుంది. కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు దాటితే కాల్షియం ఎక్కువ పోతున్నట్టు. నాయనకు దాటింది. జన్యువు ఒక్క ప్రతి చెడినవాళ్లకూ రాళ్లు రావచ్చు. మేనరికాల ఇళ్లలో ఈ సంగతి తప్పక అడగాలి.

పాపకు ఫాస్ఫేట్ మందు, జౌలీ ద్రావణం, కలిపిచ్చిన మందుల షాపు అన్నా, మీకూ. మిల్లీలీటరుకు 30.4 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. 15 కిలోల పాపకు డాక్టరమ్మ రాసింది రోజుకు ఐదుసార్లు 3 మిల్లీలీటర్లు. ఒకేసారి పోస్తే విరేచనాలు, పాలతో ఇస్తే కాల్షియం పట్టేసుకుని మందు వృథా. మధ్యాహ్నం పన్నెండు గంటల డోసు మరువని అంగన్‌వాడీ టీచరమ్మకు చేతులెత్తి మొక్కుతున్నాం.

పాప తమ్ముడి పరీక్ష వచ్చే వారం. సీసా, టేపు ఆశక్క దగ్గరే ఉన్నాయి.

— పాప ఇంటివాళ్లు, వెంట తిరిగిన మేము