కొత్త అప్పు సంగతి తర్వాత, ముందు మా బిల్లులు టైముకి ఇప్పించండి: ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. మీరు నరసాపురం కోడలు, 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లారు. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. నాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, బ్యాంకు లోన్‌తో తీసుకున్న ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) ఉన్నాయి. నాతో కలిపి ఏడుగురం. పంపులకు, వాల్వులకు కావాల్సిన షాఫ్టులు, బుష్‌లు చేసి పెద్ద కంపెనీలకు సప్లై చేస్తాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

ఆర్థిక విధానం పైనుంచి మొదలవ్వాలా, కింది నుంచి మొదలవ్వాలా అనే చర్చ ప్రతి బడ్జెట్ ముందూ నడుస్తూనే ఉంటుంది. 2019 సెప్టెంబర్‌లో మీరు కార్పొరేట్ పన్ను రేటును 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకైతే 15 శాతానికి తగ్గించారు. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. పెద్ద కంపెనీలు పెట్టుబడి పెడితే ఆర్డర్లు మా దాకా వస్తాయన్న ఆలోచనను నేను తప్పుపట్టను. నాకొచ్చే ప్రతి ఆర్డరూ ఏదో ఒక పెద్ద కంపెనీ నుంచే వస్తుంది. ఆర్డర్లకు పెద్దగా లోటు లేదు మేడమ్. చేసిన పనికి డబ్బు రావడం దగ్గరే మా ఊపిరి ఆగిపోతోంది.

ఇక కింది నుంచి మొదలుపెట్టడం అంటే ఏ ప్రభుత్వానికైనా ముందు గుర్తొచ్చేది అప్పు. 2015లో ముద్ర లోన్లు వచ్చాయి, 2024లో వాటి పరిమితి 20 లక్షలకు పెరిగింది. 2020 మేలో కోవిడ్ ప్యాకేజీ కింద 3 లక్షల కోట్ల ఎమర్జెన్సీ లోన్లకు మీరు గ్యారంటీ ఇచ్చారు. కెన్యాలో 2022లో ఇదే 'కింది నుంచి పైకి' అనే మాట మీద గెలిచిన విలియం రూటో ప్రభుత్వం కూడా ఆ ఏడాది నవంబర్‌లో మొదలుపెట్టింది చిరు వ్యాపారుల అప్పు పథకమే. 2020లో మీరిచ్చిన ఆ లోన్ నేనూ తీసుకున్నాను. అది లేకపోతే ఆ ఏడాది షట్టర్ దించేసేవాణ్ణి. ఆ మేలు మర్చిపోను. వడ్డీతో సహా తిరిగి కట్టాను కూడా. కానీ ఇప్పుడు నాకు మళ్లీ మళ్లీ అప్పు ఎందుకు కావాల్సి వస్తోంది? నా సొంత డబ్బు వేరొకరి దగ్గర ఆగిపోయింది కాబట్టి.

ఒక్క బిల్లు లెక్క చెప్తాను, దయచేసి ఓపిగ్గా చూడండి. నిరుడు సెప్టెంబర్ 3న ఒక కంపెనీకి 4 లక్షల రూపాయల షాఫ్టులు పంపాను. దాని మీద 18 శాతం జీఎస్టీ 72 వేలు. స్టీల్ రాడ్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ 28,800 క్రెడిట్‌గా (కట్టాల్సిన పన్నులోంచి తగ్గింపు) పోగా మిగిలిన 43,200 అక్టోబర్ 20కల్లా కట్టాలి. కట్టేశాను. కట్టకపోతే 18 శాతం వడ్డీ పడుతుంది. ఈలోపు స్టీల్ షాపు బాకీ తీర్చాలి, 7వ తారీఖున జీతాలివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి, సీఎన్‌సీ ఈఎంఐ కట్టాలి. అవతల కంపెనీ స్టోర్స్‌లో నా సరుకు దిగినట్టు జీఆర్‌ఎన్ వేయడానికే 12 రోజులు తీసుకున్నారు. నవంబర్‌లో అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మీ బిల్లు సిస్టంలో 45 రోజులు దాటినట్టు చూపిస్తోంది. కొత్త డేట్‌తో ఇంకో బిల్లు ఇవ్వండి" అన్నాడు. సెప్టెంబర్ బిల్లుకి జీఎస్టీ కట్టేశాను కదా బాబూ అంటే, "క్రెడిట్ నోట్ ఇచ్చి మళ్లీ వేయండి" అన్నాడు, అంటే పాత బిల్లును రద్దు చేసి కొత్తది ఇవ్వమని. నేను ఒప్పుకోలేదు. డబ్బు జనవరి 2న పడింది, అంటే 121 రోజులకు.

ఆ బిల్లులో నాకు మిగలాల్సింది 32 వేలు. నా చేతినుంచి పెట్టింది జీఎస్టీతో కలిపి 4 లక్షల 40 వేలు. దాన్ని 11 శాతం ఓడీలో (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) తిప్పితే నాలుగు నెలల వడ్డీ సుమారు 16 వేలు. సగం లాభం అక్కడే పోయింది. మధ్యలో దీపావళి వచ్చింది. కుర్రాళ్లకు బోనస్ ఇవ్వాలి, ఓడీ అప్పటికే నిండిపోయింది. లక్షా పది వేలు వదులుకుని 5 లక్షల చీటీ పాడుకున్నాను. మా వీధిలో ఏ షాపులో అడిగినా ఇలాంటి చీటీ కథ ఒకటి ఉంటుంది.

ఇంకో మాట. నా ఈఎంఐ ఒక్కరోజు ఆలస్యమైతే బ్యాంకు నన్ను ఎస్‌ఎంఏ లిస్టులో, అంటే బాకీ పడ్డ ఖాతాల లిస్టులో వేస్తుంది. 90 రోజులు దాటితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. నా కస్టమర్ మాత్రం 121 రోజులు ఆపినా అతని రికార్డులో ఒక్క మచ్చ ఉండదు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆలస్యమైన బిల్లుల మీద ఫిర్యాదుకు 2017 అక్టోబర్‌లో సమాధాన్ పోర్టల్ కూడా వచ్చింది. ఫిర్యాదు చేస్తే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. కానీ ఇన్నేళ్లలో నేను ఒక్క రూపాయి వడ్డీ అడగలేదు, ఒక్క ఫిర్యాదు పెట్టలేదు. పెడితే ఆ బిల్లు వస్తుందేమో, ఆ తర్వాత ఆర్డర్ మాత్రం రాదు. నా వ్యాపారంలో సగం పైగా ఇద్దరు కస్టమర్ల మీదే నడుస్తుంది. ఈ ఉత్తరం కింద నా పేరు రాయకపోవడానికి కారణం కూడా అదే.

మీరు 2023 బడ్జెట్‌లో తెచ్చిన 43బీ(హెచ్) నిబంధన ఇప్పటిదాకా వచ్చినవాటిలో బాగా పనిచేసిందని మనస్ఫూర్తిగా చెప్తున్నాను. గడువులోపు మాకు చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయ పన్ను లెక్కలో ఒప్పుకోరు అనేసరికి, 2024 మార్చి మూడో వారంలో నాకు ఎన్నడూ రాని ఫోన్లు వచ్చాయి. "మీ పెండింగ్ ఎంత, వెంటనే పంపండి" అని వాళ్లే అడిగారు. నా దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ ఆ రోజు నా మొహం చూసి, "ఏంటి సార్, లాటరీ తగిలిందా" అన్నాడు. నా డబ్బే నాకొచ్చింది అంతే.

అయితే ఆ నిబంధన మార్చి 31 ఒక్కరోజునే చూస్తుంది. ఆలస్యంగానైనా సరే, ఆ తేదీలోపు కట్టేస్తే కొనేవాడికి ఏ నష్టమూ లేదు. అందుకే మార్చిలో మాత్రమే వేగం. ఏప్రిల్ బిల్లు మళ్లీ పాత పద్ధతే. పైగా మధ్యతరహా యూనిట్లు, ట్రేడర్లు దాని కిందికి రారు. దాంతో ఆ నిబంధన తనకు తగలకుండా, మా పక్క షాపు అతన్ని ఒక కస్టమర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు) రద్దు చేసుకోమన్నాడు. ప్రభుత్వ శాఖలు ఆదాయ పన్నే కట్టవు కాబట్టి వాటి మీద దీని ప్రభావం శూన్యం. చిన్నవాళ్ల బిల్లుల మీద బ్యాంకుల నుంచి ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదిక సంగతీ అంతే. టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలను 2025 మార్చికల్లా అందులో చేరమన్నారు. చేరిన ప్రైవేటు కంపెనీ మా బిల్లును అందులో పెట్టి తీరాలన్న నిబంధన మాత్రం లేదు.

నేను అడిగేవి రెండే. రెండూ జీఎస్టీకి సంబంధించినవి. జీఎస్టీ కౌన్సిల్‌కు మీరే అధ్యక్షులు.

మొదటిది. జీఎస్టీ చట్టంలో ఇప్పటికే ఒక మాట ఉంది: సరుకు తీసుకున్నవాడు 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు కట్టకపోతే, తాను వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. తర్వాత చెల్లించినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. నా 72 వేల పన్నును క్రెడిట్‌గా వాడుకున్నవాడికి ఆరు నెలల గడువు ఎందుకు మేడమ్? దాన్ని 45 రోజులు చేయండి. చిన్న యూనిట్లకు మాత్రమే అలా పెడితే వాళ్లు మమ్మల్ని వదిలి పెద్ద సప్లయర్ల దగ్గరికి పోతారన్న భయం న్యాయమైనదే, పక్క షాపు అనుభవం చెప్పాను కదా. అందుకే చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ ఒకటే గడువు పెట్టండి. పెద్ద కంపెనీల మధ్య రెండు నెలల క్రెడిట్ మామూలే అంటారా, అందరికీ 60 పెట్టండి. 121 చూసినవాడికి 60 చాలా మేలు. ఇందులో నేను ఎవరిమీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు, నా ఆర్డర్ పోదు. బిల్లు తేదీ మీ సిస్టంలో ఉంది. 2024 అక్టోబర్ నుంచి జీఎస్టీ పోర్టల్‌లోని ఐఎంఎస్ అనే విభాగంలో కొనేవాడు ఆ బిల్లును ఒప్పుకున్నాడో లేదో కూడా కనిపిస్తోంది. చెల్లించిన తేదీ ఒక్కటే చేర్చాలి.

రెండోది. టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్నవాళ్లను, డబ్బు చేతికొచ్చిన నెలలో జీఎస్టీ కట్టనివ్వండి. ఇది వింత కోరిక కాదు. జీఎస్టీకి ముందు సర్వీస్ ట్యాక్స్‌లో 50 లక్షల లోపు చిన్నవాళ్లకు ఈ వెసులుబాటు ఉండేది. కొనేవాడికి కూడా క్రెడిట్ చెల్లించిన నెలలోనే ఇవ్వండి. అప్పుడు క్రెడిట్ కోసమైనా తొందరగా కడతాడు. ఖజానాకు పన్ను కొన్ని వారాలు ఆలస్యంగా వస్తుంది, పోయేదేమీ ఉండదు. కాంపోజిషన్‌లోకి (చిన్నవాళ్లు టర్నోవర్ మీద తక్కువ రేటు కట్టే జీఎస్టీ పద్ధతి) వెళ్లొచ్చు కదా అని మా ఆడిటర్‌నే అడిగాను. అందులో ఉంటే మా కస్టమర్‌కు క్రెడిట్ రాదు, కాబట్టి మా దగ్గర కొనడు.

కౌన్సిల్ అనుకుంటే ఎంత పెద్ద మార్పైనా చేయగలదని 2025 సెప్టెంబర్‌లో చూశాం. 12, 28 శ్లాబులు కొన్ని వారాల్లో దాదాపుగా పోయాయి. నేనడిగిన మొదటి మార్పుకు చట్టంలో ఒక అంకె మారితే చాలు.

ఈ నెల 20కి నేను కట్టాల్సిన జీఎస్టీ 51 వేలు. దానికి సంబంధించిన బిల్లుల్లో ఒక్కదానికీ ఇంకా పేమెంట్ రాలేదు. ఓడీలోంచి తీసి 20నే కడతాను.

ఇట్లు,
బాలానగర్ నుంచి ఒక మెషిన్ షాపు యజమాని