ఏ బూత్? ఎన్ని ఓట్లు?

సంపాదకునికి నమస్కారం.

ఎన్నికల్లో మోసం జరిగిందని ఏ నాయకుడైనా అంటే మన పత్రికలు, చానళ్లు చేసేది ఒకటే: తమవాడైతే పతాక శీర్షిక, కానివాడైతే ఎగతాళి. 2019లో ఒక పక్షం, 2024లో మరో పక్షం ఈవీఎంలను అనుమానించాయి. మాటలు దాదాపు అవే. వాటిని నెత్తిన పెట్టుకున్న చానళ్లు మాత్రం తారుమారయ్యాయి. మా సప్తగిరి సర్కిల్ దగ్గర టీ కొట్టు బల్లపై రెండు పత్రికలు పక్కపక్కన పెట్టి చదివితే, జరిగింది ఒకే ఎన్నికేనా అని సందేహం వస్తుంది.

ఏ బూత్‌లో, ఎన్ని ఓట్లు అని ఆ నాయకుణ్ణి నిలదీసే విలేకరి ఎందుకు కరవయ్యాడు? పోలింగ్ ముగియగానే ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు 17సి ఫారం నకలు సంతకం చేసి ఇస్తారు. యంత్రం నంబరు, సీళ్ల నంబర్లు, పోలైన మొత్తం ఓట్లు అందులో ఉంటాయి. ఏజెంటుగా కూర్చున్నవాణ్ణి, ఆ కాగితం విలువ నాకు తెలుసు. బూత్‌ల వారీ ఫలితాలుండే 20వ ఫారంతో దాన్ని సరిచూస్తే పోలైన ఓట్లకూ లెక్కించిన ఓట్లకూ తేడా ఉందో లేదో బయటపడుతుంది. ఉంటే మొదటి పేజీలో వేయండి. లేకపోతే అదీ అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌కు 45 రోజుల గడువుంది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు 5 శాతం యంత్రాల తనిఖీ కోరవచ్చని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరోపించినవారు ఆ దారిలో వెళ్లారా, అడిగితే అధికారులు ఏం చేశారు? ఇది రాయకుండా రాత్రంతా చర్చలు పెట్టడం ఓటరును అవమానించడమే. వచ్చే ఎన్నికల నుంచైనా మీ జిల్లా పేజీలో ఆరోపణ పక్కనే ఆ బూత్ 17సి అంకెను అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, అనంతపురం