నానమ్మ నడక

చిన్నీ,

తాతయ్య తీసిన సూపర్ 8 రీళ్ళను, అదే ఇంటి సినిమాలు తీసుకునే ఆ సన్నటి ఫిల్ము చుట్టలను, ప్రొజెక్టర్‌లో వేసి, గోడ మీద పడే బొమ్మను ఫోన్‌తో తీసేస్తే చాలు కదా నాన్నా అన్నావు. వద్దమ్మా. ఇన్నేళ్ళు చుట్టలోనే పడి ఉన్న ఫిల్ము కుంచించుకుపోయి పెళుసుబారుతుంది, అంచునున్న చిల్లులు ప్రొజెక్టర్ పళ్ళకు సరిగ్గా అందక చిరిగిపోతాయి, ఎక్కడైనా ఇరుక్కుని ఆగిందంటే దీపం వేడికి ఆ ఫ్రేము కళ్ళముందే కాలి ఉబ్బిపోతుంది. పోయిన నెల నేను అలాగే ఒక ఫ్రేము పోగొట్టాను. ఇంకా బాధగానే ఉంది.

అందుకే ఒక్కో ఫ్రేమును విడిగా ఫొటో తీసే చిన్న స్కానర్ కొన్నాను. చిన్న రీలులో 50 అడుగుల ఫిల్ము, అంటే 3,600 ఫ్రేములు ఉంటాయి. సెకనుకు రెండు చొప్పున అరగంట పడుతుంది, తీరా చూస్తే 3 నిమిషాల 20 సెకన్ల సినిమా! ముందుగా పోగులు రాలని మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొంచెం తడిపి, ఫిల్మును దాని మధ్య నుంచి మెల్లగా లాగి తుడుస్తున్నాను. నీళ్ళు అసలు తగలనివ్వను. పాత అతుకులు ఊడితే స్ప్లైసింగ్ టేపు వేస్తున్నాను.

మొదటి రీలు చూసి కంగారుపడ్డాను, అందరూ పరుగెత్తుతున్నట్టు ఉన్నారు. నానమ్మను నేనే గుర్తుపట్టలేదు. తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది: తాతయ్య కెమెరా సెకనుకు 18 ఫ్రేములు తీసింది, స్కానర్ ఫైలు 30 చొప్పున ఆడుతోంది. కంప్యూటర్‌లో దాన్ని 18కి మార్చి మళ్ళీ చూశాను. గుమ్మం దాకా వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి ఎవరినో పిలిచి, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచింది మా అమ్మ. నువ్వు ఎప్పుడూ చూడని నడక అది. నాలుగుసార్లు చూశాను.

ఒక డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టింది. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతుంటే అలా వస్తుందట, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది, అందుకే వేరే గదిలో పెట్టాను. రేపు మొదట స్కాన్ చేసేది దాన్నే.

ఇంకో రెండు రీళ్ళకు అంచు వెంబడి సన్నటి గోధుమరంగు గీత ఉంది. అది శబ్దం రికార్డు చేసే మాగ్నెటిక్ పట్టీ. నా స్కానర్ బొమ్మ తీస్తుంది గానీ శబ్దం చదవదు. కాబట్టి స్కాన్ అయిపోయినా అసలు రీళ్ళను ఎవరూ పారెయ్యకూడదు, అక్కడ తమ్ముడికి కూడా చెప్పు. శబ్దం చదివే యంత్రం ఎవరి దగ్గరైనా ఉందేమో నువ్వూ కనుక్కో. కెమెరా వెనకాలే ఉండిపోయాడు కాబట్టి తాతయ్య ఒక్క రీలులోనూ కనిపించడు. వాటిలో గొంతు ఉందేమో.

నాన్న