కేర్‌టేకర్ సర్టిఫికెట్‌కి గడువు ఉండొద్దా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇళ్లలో మంచాన పడిన పెద్దవాళ్లను చూసుకునే కేర్‌టేకర్ల గురించి ఈమధ్య మీ పేపర్లో వార్తలు బాగానే వస్తున్నాయి. ఒకరోజు బంగారం పోయిందని, ఇంకోరోజు ముసలావిడను కొట్టడం సీసీ కెమెరాలో కనపడిందని. వార్త చివర మాత్రం ఎప్పుడూ ఒకే సలహా, పెట్టుకునే ముందు సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి అని. నేను జీఎన్ఎం చదివిన నర్సుని. ఆస్పత్రి ఉద్యోగం మానేశాక గుంటూరులో కేర్‌టేకర్ అమ్మాయిలకు పని నేర్పుతున్నాను, అంటే ఆ సర్టిఫికెట్లు వాళ్ల చేతికి వచ్చేలా చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే అడుగుతున్నా, ఆ కాగితంలో జనం ఏం చూడాలి? పేరు, ఫొటో, ముద్ర, తేదీ ఉంటాయి. ఆ తేదీ ఎనిమిదేళ్ల కిందటిదైతే ఏమనుకోవాలి? మధ్యలో ఆ అమ్మాయి నాలుగేళ్లు బట్టల షాపులో పనిచేసి ఇప్పుడు మళ్లీ ఈ పనికి వచ్చిందనుకోండి, ఆ సంగతి కాగితం చెప్పదు. ఏజెన్సీ అంతకన్నా చెప్పదు.

సర్టిఫికెట్ సంపాదించడానికి మన దగ్గర దార్లు లేక కాదు. ఎంబీబీఎస్ డాక్టర్లకు ఇగ్నోలో వృద్ధుల వైద్యం మీద పీజీ డిప్లొమా ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద ఢిల్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ అని ఉంది, వాళ్లు వృద్ధుల సంరక్షణలో కోర్సులు నడుపుతారు. కింది స్థాయిలో హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల కోర్సులున్నాయి, జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్, వృద్ధుల సంరక్షణకే విడిగా ఒకటి. మా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో ఎక్కువమంది వీటి కోసమే వస్తారు. క్లాసులు, ప్రాక్టికల్స్ అయ్యాక బయటి నుంచి అసెసర్ వచ్చి పరీక్ష పెడతారు. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకు, అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ పోగా కొన్ని ఏజెన్సీలు సొంతంగా అచ్చేసుకునేవి ఉంటాయి, నాలుగు రోజులు కూర్చోబెట్టి, లామినేషన్ చేయించి చేతిలో పెడతారు. ఇంట్లోవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, నిజానికి లామినేషన్ చేసినదే బాగా కనిపిస్తుంది.

అసలు కోర్సుల పరీక్ష గురించి కూడా ఒక మాట చెప్పాలి. మంచం మీద బొమ్మ ఉంటుంది. చేతులు కడుక్కోవడం చూపించు, బీపీ చూడు, మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చు అంటారు, పిల్లలు చక్కగా చేసేస్తారు. కానీ ఆ బొమ్మ బరువు ఉండదు, గోళ్లతో రక్కదు, సాయంత్రమయ్యేసరికి 'మా ఇంటికి పోతాను, తలుపు తియ్యి' అని ఏడవదు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దాయన స్నానానికి రానని మొండికేస్తే ఆ అరగంట ఎలా గడపాలి అనేది పనిలో దిగాకే వస్తుంది. అందుకే నా దృష్టిలో మొదటి సర్టిఫికెట్, బండి నేర్చుకునేవాళ్లకు ముందు ఇచ్చే ఎల్ఎల్ఆర్ లాంటిది. తర్వాతి పరీక్ష ఎప్పుడు? మన దగ్గర ఎవరూ పెట్టరు.

రెన్యువల్ ఎందుకు, ఒకసారి నేర్చుకున్న పని మరిచిపోతారా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మరిచిపోవడం ఒక్కటే అయితే ఇంత బాధ లేదు, నేర్పినదే మారిపోతుంది. ఉదాహరణకి, మంచాన పడినవాళ్లకు ఒకేవైపు ఒత్తుకుని వచ్చే పుండ్లు. మేం చదువుకునేటప్పుడు బ్యాక్ కేర్ అంటే వీపు ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి, పౌడర్ జల్లి, బాగా మర్దనా చేయడం. ఇప్పుడు ఎర్రబడిన చోట అస్సలు రుద్దొద్దు అంటున్నారు, ఎందుకంటే అక్కడ చర్మం కింద కండ అప్పటికే నలిగిపోయి ఉంటుంది, రుద్దితే ఇంకా పాడవుతుంది. నడుం కింద గాలి రింగు పెట్టడం కూడా అంతే. రింగు అంచు చుట్టూ ఒత్తిడి పడి మధ్యలోకి రక్తం సరిగా రాదు, అందుకే వద్దంటున్నారు. కానీ మెడికల్ షాపులో ఆ రింగు ఈ రోజుకీ దొరుకుతుంది, కేర్‌టేకర్ అడిగి మరీ తెప్పిస్తుంది, ఇంట్లోవాళ్లు 'పాపం ఎంత శ్రద్ధో' అనుకుంటారు. ఆ అమ్మాయిని ఏమనగలం? ఎప్పుడో నేర్పినదాన్ని శ్రద్ధగా చేస్తోంది.

ఇంకోటి, ముక్కులో గొట్టం ఉన్నవాళ్లకు ఆహారం ఎక్కించడం. తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, గొట్టం ఉండాల్సిన చోటే ఉందో లేదో ముందు చూసుకోవాలి, ఎక్కించాక కనీసం అరగంటైనా పడుకోబెట్టకూడదు. కోర్సులో ఇది అందరూ చేస్తారు. రెండు మూడేళ్లయ్యాక, రోజుకి ఆరుసార్లు ఇదే పని చేస్తుంటే, దిండు పెట్టడం మానేస్తారు, ఎందుకంటే ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అని. ఏమైనా అయ్యేది ఒక్కసారే, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తర్వాత న్యుమోనియా, ఐసీయూ. అలాగే షుగర్ డౌన్ అయిన మనిషికి తీపి ఇవ్వాలని అందరికీ తెలుసు, స్పృహ తప్పినవాళ్ల నోట్లో పంచదార నీళ్లు పోయకూడదని ఎంతమందికి గుర్తుంటుంది? టెన్షన్‌లో చెయ్యి ముందు పంచదార డబ్బా మీదికే పోతుంది. ఇలాంటివి పుస్తకం చదివితే గుర్తుండేవి కావు, రెండేళ్లకోసారైనా ఎవరి ముందైనా చేసి చూపిస్తేనే ఉంటాయి. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే బీఎల్ఎస్ శిక్షణ కార్డుకి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రెండేళ్లే గడువు పెట్టింది, తెలిసిన పని కూడా చేతికి దూరమవుతుందనే కదా.

నా సంగతే చూడండి. నర్సులు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, దానికి 150 గంటల సీఎన్ఈ, అంటే చదువు కొనసాగించినట్టు లెక్క చూపాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. డాక్టర్లకు అయిదేళ్లకు 30 క్రెడిట్ అవర్లు. రోజుకి రెండుసార్లు పేషెంట్ దగ్గరికి వచ్చి వెళ్లే నర్సుకి ఇంత లెక్క ఉంటే, పన్నెండు గంటలూ పక్కనే ఉండి తినిపించి, తిప్పి, కడిగి, మందులిచ్చే అమ్మాయికి సున్నా. అయితే మా 150 గంటలేదో గొప్పగా ఉన్నాయని అనుకోకండి. ఒక హాల్లో కూర్చోబెడతారు, స్లైడ్లు నడుస్తుంటాయి, వెనక వరుసలో సగం మంది ఫోన్లలో ఉంటారు, భోజనం అవ్వగానే సర్టిఫికెట్ల దగ్గర క్యూ. కేర్‌టేకర్లకు కూడా ఇదే తంతు పెడితే వద్దే వద్దు, వాళ్ల ఒక రోజు కూలి పోవడం తప్ప ఒరిగేది లేదు.

మరి ఎలా ఉండాలి? మన పిల్లలు ఉంటున్న దేశాల్లోనే చూడొచ్చు. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లో (మన దగ్గరలా చిన్న ఆస్పత్రి కాదు, పెద్దవాళ్లు ఉండే సంరక్షణ కేంద్రం) పెద్దవాళ్లను చూసుకునే నర్స్ ఎయిడ్‌కి కనీసం 75 గంటల శిక్షణ, రాతపరీక్ష లేదా నోటి పరీక్ష, చేసి చూపించే పరీక్ష ఉండాలని 1987లో ఫెడరల్ చట్టం చేశారు. కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువే. పాసైతే రాష్ట్రం రిజిస్ట్రీలో పేరు ఎక్కుతుంది. వరసగా 24 నెలలు జీతానికి ఆ పని చేయకపోతే మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష. పనిలో ఉన్నవాళ్లకు ఏటా కనీసం 12 గంటల శిక్షణ ఇవ్వాల్సింది నర్సింగ్ హోమే. నాకు బాగా నచ్చిన సంగతులు రెండున్నాయి. పెద్దవాళ్లను హింసించినట్టు విచారణలో తేలితే అది కూడా రిజిస్ట్రీలో రాస్తారు, ఇంకో చోట ఉద్యోగానికి వెళ్తే వాళ్లు చూసుకుంటారు. ఇక శిక్షణకి డబ్బు నర్సింగ్ హోమ్ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు, సొంత డబ్బుతో నేర్చుకున్నా ఏడాదిలోపు అలాంటిచోట ఉద్యోగంలో చేరితే ఖర్చు తిరిగి ఇవ్వాలి.

జపాన్ దారి వేరు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన పిల్లలకు జపనీస్ నేర్పించి అక్కడి కేర్ ఉద్యోగాలకు పంపుతోంది కాబట్టి ఇది చాలా ఇళ్లలో తెలిసిన విషయమే. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి జపనీస్ భాష ఎన్4 అనే ప్రాథమిక స్థాయిలో రావాలి, పైగా కేర్ పనిలో పరీక్ష, ఆ పనికి కావాల్సిన జపనీస్‌లో ఇంకో పరీక్ష. వెళ్లాక మూడేళ్లు పనిచేసి, మళ్లీ శిక్షణ తీసుకుని జాతీయ పరీక్ష పాసైతే కైగో ఫుకుషిషి అనే అర్హత వస్తుంది. ఆ అర్హతను పెట్టిన చట్టం కూడా 1987దే, చిత్రంగా. దానికి రెన్యువల్ లేదు, ఒకసారి వస్తే జీవితాంతం. కాకపోతే రావడమే అంత కష్టం. గుమ్మం దగ్గర గట్టిగా వడపోస్తే తర్వాత వదిలేయొచ్చు, లేదా తేలిగ్గా రానిచ్చి మధ్యమధ్యలో పరీక్షించవచ్చు. మనం రెండూ చేయం. ఇంకా కోపం వచ్చేదేంటంటే, ఇక్కడి అమ్మాయి జపాన్ వెళ్లి అక్కడి అవ్వను చూసుకోవడానికి ఇన్ని పరీక్షలు రాస్తుంది, మంగళగిరిలో మన అవ్వను చూసుకోవడానికి ఒక్కటీ అక్కర్లేదు.

చట్టం ప్రయత్నం జరగలేదని కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దానికి సవరణ బిల్లు 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టారు, అందులో ఇళ్లకు కేర్‌టేకర్లను పంపే సంస్థలు కూడా రిజిస్టర్ చేసుకోవాలని ఉంది. పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది, చివరికి చట్టం కాకుండానే ఆ లోక్‌సభ కాలం అయిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా దాన్ని మళ్లీ అడిగితే బాగుండు.

ఇది చదివి మా తోటి ట్యూటర్లే కొందరు నా మీద కోప్పడతారని తెలుసు. ఈ పనికి వచ్చేవాళ్లు భర్త పోయినవాళ్లు, పిల్లల ఫీజులకు వచ్చినవాళ్లు, పదో తరగతి కూడా దాటనివాళ్లు, వాళ్ల నెత్తిన ఇంకో పరీక్ష ఏంటి, పని మానేసి పోతారు అంటారు. పోతారు, ఫీజు వాళ్ల దగ్గరే గుంజితే తప్పకుండా పోతారు. నాకు తెలిసిన ఒక ఏజెన్సీ ఏటా 'ఐడీ కార్డు రెన్యువల్' అని ప్రతి అమ్మాయి జీతంలోంచి డబ్బు కోసుకుంటుంది, శిక్షణా లేదు, పరీక్షా లేదు, కార్డు రంగు మారుతుంది అంతే. నేను అడిగేది అది కాదు. కుటుంబం దగ్గర కమిషన్ తీసుకునే ఏజెన్సీయే ఖర్చు పెట్టుకోవాలి, పరీక్ష రోజుకి జీతం ఇవ్వాలి. పరీక్ష తెలుగులో, చేసి చూపించే పద్ధతిలో ఉండాలి, రాయడం రాకపోయినా సరే. పాసైన అమ్మాయికి జీతం పెరగాలి, లేకపోతే ఆమె ఎందుకు రావాలి చెప్పండి? ప్రస్తుతం కుటుంబాలు నెలనెలా ఏజెన్సీకి కట్టే డబ్బులో ఆ అమ్మాయి చేతికి ఎంత వస్తుందో వాళ్లకే తెలియదు, అడిగేవాళ్లూ తక్కువే.

డాలస్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేసి 'మేడమ్, సర్టిఫైడ్ అమ్మాయే కదా' అని అడిగే పిల్లలకు కూడా ఒక మాట. ఏ సంస్థ ఇచ్చింది, ఏ సంవత్సరం, ఆ తర్వాత ఎక్కడ పనిచేసింది అని అడగండి, ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడండి. మొదటిరోజు వీడియో కాల్‌లో నాన్నగారిని పక్కకు తిప్పి చూపించమనండి, వీపు ఎర్రబడితే ఏం చేస్తావమ్మా అని అడగండి. స్పిరిట్ అంటే అర్థమైపోతుంది, మార్చుకోవడం నేర్పించండి, పంపించేయకండి, ఎందుకంటే తర్వాత వచ్చే అమ్మాయీ స్పిరిట్టే అంటుంది. అమ్మానాన్నలను ఎవరైనా బాధపెడుతున్నారని అనుమానం వస్తే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఇక్కడున్న బంధువులతో చేయించండి.

దేశం మొత్తానికి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. జిల్లాల్లో ప్రభుత్వ నర్సింగ్ స్కూళ్లున్నాయి, వాటిలో మంచాలు, బొమ్మలు, ల్యాబులు ఉన్నాయి, ఆదివారాలు తాళం వేసి ఉంటాయి. నెలకో ఆదివారం తెరిచి, పదిమంది చొప్పున పిలిచి, పుండ్లు, గొట్టం, షుగర్, పడిపోయిన మనిషిని లేపడం, ఈ నాలుగూ చేయించి చూసి, పాసైనవాళ్ల పేర్లు జిల్లా వెబ్‌సైట్లో పెడితే చాలు మొదటికి. పరీక్ష పెట్టడానికి నాలాంటి ట్యూటర్లు వస్తారు. ఉచిత సేవ అని మాత్రం అనకండి, మాకూ ఆదివారం ఒక్కటే సెలవు, ఇచ్చేది ఇవ్వండి.

ఇట్లు,
ఒక నర్సింగ్ ట్యూటర్, గుంటూరు