పాపకు అమ్మ జాబు: దక్షిణం వాకిలి సంగతి

పాపా,

ఎట్లుండావు, అల్లుడూ చిన్నోడూ బాగుండారా. ఈడ మేం బాగుండాం. నిన్న సాయంత్రం నేనూ మీ నాయనా కపిలతీర్థం దాకా నడిచిపోయొచ్చినాం, రెండు దినాలు వాన పడింది గదా నీళ్లు బాగా దూకతా ఉండాయి, మీ నాయన వీడియో పంపిచ్చినాడు చూడు.

మొన్న ఫోన్లో నువ్వు నవ్వాల్నా ఏడవాల్నా తెలీకుండా చెప్పినావే, ఆ ఇల్లు మనసులో నుంచి పోవడం ల్యా నాకు. మెల్‌బోర్న్‌లో దక్షిణం వాకిలి ఇల్లు, నేనేమో వద్దే వద్దు అంటి, మీ ఆఫీసులో చైనా అమ్మాయేమో దక్షిణం మొహమంటే వాళ్ల వాస్తు ఫెంగ్‌షుయ్‌లో శానా మంచిది వదులుకోవద్దు అనె, ఇల్లమ్మే ఏజెంటుకేమో ఈ గోలంతా పట్టదు, హాలూ పెరడూ ఉత్తరానికుండాయి ఎండ బాగా వస్తాది అని రేటు పెంచి చెప్పె. ఒక ఇంటికి ముగ్గురం మూడు మాటలు. ఇన్నేండ్లు పిల్లోళ్లకు సోషల్ చెప్పినదాన్ని గదా, అట్లాస్ ముందర పెట్టుకోని ఆ ఫెంగ్‌షుయ్ గురించి కూడా చదివినా.

ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీళ్లు అంట. చదవతానే నాకు కాళహస్తి గుర్తొచ్చింది, వాయులింగం, గుడి పక్కనే స్వర్ణముఖి, నీ చిన్నప్పుడు లోపల దీపం కదలతా ఉంటే చూపిచ్చినా గుర్తుందా. వాళ్ల లెక్కలో మంచి చోటు అంటే వెనకాల ఉత్తరాన కొండ, ముందర దక్షిణాన ఏరు ఉండాలంట. అది మన తిరుపతే గదే! ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి. మన వాస్తు చూస్తే ఉత్తరం పల్లం, దక్షిణం మెరక ఉండాల, అంటే మనూరు తిరగబడి ఉండాది. అయినా ఎన్ని వందల ఏండ్లుగా కళకళలాడతా ఉండాది ఈ ఊరు, స్వామి కొండమీదుంటే ఇంగేం కావాల.

అట్లాస్ చూస్తే అర్థమయింది నాకు. చైనాకు ఉత్తరాన మంగోలియా, సైబీరియా, ఆ చలిగాలికి కొండ అడ్డం ఉండాల, చలికాలం సూర్యుడు దక్షిణం పక్క వాలి తిరగతాడు, ఆ ఎండ ఇంట్లోకి రావాలంటే వాకిలి దక్షిణానికి ఉండాల. బీజింగ్‌లో రాజులుండిన కోట కూడా దక్షిణం మొహమే, దిక్సూచిని కూడా వాళ్లు దక్షిణం చూపే సూది అనే అంటారంట. మనకు ఈడ చలి యాడిది, మే నెల్లో సాయంత్రానికి పడమటి గోడమీద చెయ్యి పెట్టలేం, అందుకే నైరుతిని బరువుగా మూసి, ఈశాన్యం తెరిచి పొద్దుటెండ రానిస్తారని నాకనిపిస్తాది. మరి మీకో, ఆస్ట్రేలియా భూమధ్యరేఖకు కింద పక్క గదా, సూర్యుడు తూర్పునే పుట్టినా మధ్యాన్నానికి ఉత్తరం పక్క ఉంటాడు, చలిగాలి దక్షిణం నుంచి కొడతాది. అంటే ఆ ఏజెంటు చెప్పిందే సరి. ఉత్తరం తెరిచుండాల అని మన వాస్తు చెప్పేదీ అదే గదా పాపా, నీకు పెరటి పక్క దొరికింది అంతే.

ఇంటి నంబరు 17 అంటివి. కూడితే 8, శని నంబరని మీ నాయన మొహం మాడ్చుకున్న్యాడు, ఆయన బండి నంబరు కూడితే 8 వస్తాదనే గదా ఆ పొద్దు మార్పిచ్చుకునింది. చైనావాళ్లకు 8 అంటే ప్రాణం, ఆ మాట డబ్బు పెరగడం అనే మాట మాదిరి పలుకుతాదంట, 2008లో ఒలింపిక్స్ ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి 8 గంటలకు మొదలుపెట్టినారు. వాళ్లకు భయమంతా 4 తోనే, అది చావు అనే మాట మాదిరి వినపడతాదంట, హాంగ్‌కాంగ్‌లో శానా బిల్డింగుల్లో నాలుగో అంతస్తే ఉండదు. తెల్లోళ్లకు 13. ఇన్ని నంబర్లు వదిలేస్తే ఇంగ ఏ ఇంట్లో ఉంటాం చెప్పు, నాయనకు నేను చెప్పుకుంటా.

ఇంగో మాట, ఆ అమ్మాయి వాళ్లింటికి పిలిస్తే గోడ గడియారం మాత్రం తీసకపోవద్దు. మన గృహప్రవేశానికి ఐదు వచ్చినాయి, సంతోషంగా తగిలిచ్చుకున్నాం, వాళ్ల భాషలో గడియారం ఇవ్వడం అనే మాట చావుకు సాగనంపడం అన్నట్టు వినపడతాదంట, పాపం ఆ పిల్ల నొచ్చుకుంటాది. పండ్లు తీసకపో.

ఆ ఇల్లు తీసుకోండి. పొయ్యి ఆగ్నేయంలో ఉండాదా లేదా ఫోన్లో కంపాస్ పెట్టి చూసి చెప్పు, లేకపోతే కనీసం తూర్పు మొహంగా నిలబడి వండుకునేటట్టు చూసుకో, అది మాత్రం నేను వదల్ను. పడుకునేటప్పుడు ఉత్తరం పక్క తల పెట్టొద్దు, చిన్నోడు నిద్రలో తిరగతా ఉంటాడు, వాణ్ని కూడా చూసుకో. పాలు పొంగిచ్చేదానికి మేం వస్తాం, అయ్యోరిని అడిగి మంచి దినం చెప్తా. ఆ చైనా అమ్మాయిని కూడా పిలువు, కొండ లడ్డు తెస్తా ఆమెకు.

అమ్మ