2025–26 వార్షిక నివేదిక: ముందు నీళ్ల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఎక్కువ భాగం నీళ్ల గొడవతోనే గడిచింది, కాబట్టి అదే ముందు చెప్తాం. రథసప్తమికి అరసవల్లి దర్శనానికని ఇంటింటా చుట్టాలు దిగారు. తెల్లవారకముందే అందరూ జిల్లేడాకులు పట్టుకుని ఒకేసారి స్నానాలకు వెళ్లేసరికి పై అంతస్తు షవర్లలో చుక్క రాలేదు. ట్యాంకు మాత్రం ముప్పాతిక నిండే ఉంది!

పెద్ద మోటారు వేయించమన్నారు చాలామంది. మోటారు పని సంపులో నీళ్లు ట్యాంకుకి ఎక్కించడం వరకే. అక్కడి నుంచి కుళాయికి నీళ్లు తోసేది ట్యాంకు ఎత్తే. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కేజీ ప్రెషర్ వస్తుంది. ట్యాంకు అడుగు నుంచి గ్రౌండ్ ఫ్లోర్ కుళాయిలకు పదిహేను మీటర్లు దొరుకుతుంటే, పై ఫ్లాట్ల షవర్లకు దొరికేది రెండే. కింది నాలుగు అంతస్తుల వాళ్లు కుళాయిలు తిప్పగానే ఆ కాస్తా ఉమ్మడి పైపు రాపిడికే సరి. పైగా టెర్రస్ మీద పాత పైపు కోసి చూస్తే, బోరు నీళ్ల ఉప్పు గార కట్టి చిటికెన వేలు దూరేంత సందే మిగిలింది. పైపు లోపలి వ్యాసం సగానికి తగ్గితే, అంతే నీటికి రాపిడి నష్టం ముప్పై రెట్ల దాకా పెరుగుతుంది.

అందుకే ఫిబ్రవరిలో పై అంతస్తుకు విడిగా రెండంగుళాల లైను దింపించాం. గాలి పట్టెయ్యకుండా దాని మొదట్లో ఎయిర్ పైపు పెట్టించాం. మోటారు మార్చలేదు, కరెంటు బిల్లు పెరగలేదు.

కార్పొరేషన్ కుళాయికి నేరుగా బిగించిన మోటారొకటి తీయించాం. అలా లాగితే లైనులో ప్రెషర్ పడిపోయి, లీకులున్న చోట పక్క కాలువ మురుగు లోపలికొస్తుంది. కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

ట్యాంకు, సంపు కడిగించి బ్లీచింగ్ వేయించాం. వినాయక చవితి బాగా జరిగింది.

ఇక మిగిలింది సంపు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన, ఇరవై ఫ్లాట్లకు ఇంటికి నలుగురనుకుంటే 10,800 లీటర్లు కావాలి. మన సంపు పట్టేది 8,000. వేసవిలో ఒక్కరోజు కుళాయి రాకపోతే ట్యాంకర్ పిలవాల్సిందే. పక్కనే రెండో సంపు తవ్వించే ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. మెయింటెనెన్స్ బకాయిలున్న వారు ఆలోపు కట్టేయగలరు.

– కార్యదర్శి